పాత మందలోకి కొత్త కోడి – పాటించవలసిన పద్ధతులు

(పశుసంవర్ధక రంగంలో పనిచేస్తున్న ఒక పూర్వ విద్యార్థి)

వార్షికోత్సవ సంచికలో కవితలు, కథలు, జ్ఞాపకాలు ఎలాగూ ఉంటాయి. వాటి మధ్య మీ ఇంటికి, ముఖ్యంగా మీ అమ్మకు పనికి వచ్చే ఒక విషయం కూడా ఉంటే బాగుంటుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

మనలో చాలామంది ఇళ్ళలో భూమి ఉండదు. ఉన్నా ఎకరమో, అర ఎకరమో. కానీ వాకిట్లో నాలుగు నాటుకోళ్ళు లేని ఇల్లు తక్కువ. ఆ కోళ్ళకు లెక్కలు, పుస్తకాలు ఉండవు. బ్యాంకులో వేసే డబ్బు కాదు గనుక ఎవరూ పట్టించుకోరు. అయినా మనం సెలవులు అయిపోయి హాస్టల్‌కు తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఛార్జీ ఎక్కడిది? నోటు పుస్తకాలకు, చెప్పులకు అమ్మ చేతిలో పెట్టిన వంద ఎక్కడిది? చాలాసార్లు అది ఒక పుంజును అమ్మిన డబ్బే. పెరటి కోళ్ళ మంద పేద ఇంటి ఆడవాళ్ళ సొంత ఆస్తి. అందులో మగవాళ్ళు కూడా వేలు పెట్టరు.

అలాంటి మంద ఒక్క వారంలో తుడిచిపెట్టుకుపోవడం మీరు మీ ఊళ్ళో చూసే ఉంటారు. సంతలో రెండు పెట్టలు చవగ్గా వచ్చాయని కొని తెచ్చి మందలో వదులుతారు. నాలుగైదు రోజులకు ఒకటి తూగుతుంది. పదో రోజుకు గూడు ఖాళీ. "దిష్టి తగిలింది" అనో, "అమ్మవారు చూసింది" అనో అనుకుంటారు. నిజానికి అది దిష్టి కాదు, కొత్త కోడిని మందలో కలిపే పద్ధతి తెలియకపోవడమే. ఆ పద్ధతికి పెద్దగా ఖర్చు లేదు. ఓపిక మాత్రం కావాలి.

పొడుపు క్రమం అంటే ఏమిటి?

కోళ్ళ మంద పైకి గుంపులా కనిపించినా అందులో ఒక వరుస ఉంటుంది. గింజలు చల్లినప్పుడు ఏ కోడి ముందు తింటుంది, రాత్రి వాసం మీద మంచి చోటు ఎవరిది, ఎవరు ఎవరిని పొడవవచ్చు, ఎవరు తిరిగి పొడవకుండా పక్కకు తప్పుకోవాలి అన్నీ ఆ వరుసను బట్టే నడుస్తాయి. దీనిని పొడుపు క్రమం అంటారు.

ఈ విషయాన్ని మొదట శాస్త్రీయంగా చెప్పినవాడు నార్వే దేశానికి చెందిన తోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బే. ఆయన చిన్నపిల్లవాడిగా ఉన్నప్పటి నుంచే పెరటి కోళ్ళను గమనిస్తూ, ఏది దేన్ని పొడిచిందో నోటు పుస్తకంలో రాసుకునేవాడు. పెద్దయ్యాక ఆ పరిశీలనలనే పరిశోధనగా మలిచి 1920ల మొదట్లో ప్రపంచానికి అందించాడు. ప్రయోగశాల లేదు, పరికరాలు లేవు. ఒక పెరడు, ఒక పుస్తకం, ఓపిక. మన పిల్లలు సైన్సు ప్రాజెక్టు కోసం వెతుక్కునే అవసరం లేదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఈ వరుస ఎప్పుడూ నిచ్చెన మెట్లలా సూటిగా ఉండదు. ఎర్ర పెట్ట నల్ల పెట్టను పొడుస్తుంది, నల్ల పెట్ట తెల్ల పెట్టను పొడుస్తుంది, కానీ తెల్ల పెట్ట మళ్ళీ ఎర్ర పెట్టను పొడవవచ్చు. ఇలాంటి ముక్కోణపు లెక్కలు కూడా మందలో ఉంటాయి.

వరుస ఒకసారి కుదిరాక మంద ప్రశాంతంగా ఉంటుంది. ఎవరి చోటు వారికి తెలుసు గనుక పోట్లాట అవసరం రాదు. చిన్న బెదిరింపుతో పని జరిగిపోతుంది. కోళ్ళు ఒకదాన్ని ఒకటి ముఖ్యంగా తల, తురాయి ఆకారాన్ని బట్టి గుర్తుపడతాయి. అందుకే మన కోడినే కొన్ని వారాలు వేరే ఊళ్ళో ఉంచి తిరిగి తెస్తే, మంద దాన్ని కొత్త కోడిగానే చూస్తుంది.

ఇప్పుడు ఆలోచించండి. కుదురుకున్న వరుసలోకి అకస్మాత్తుగా కొత్త ముఖం వచ్చింది. దాని చోటు ఎక్కడో దానికీ తెలియదు, మందకూ తెలియదు. అది తేలేదాకా పొడుపులు, తరుములాటలు తప్పవు. అవి దెబ్బలాటగా మారకుండా, కొత్తదానితో పాటు రోగం రాకుండా చూడడమే మన పని. దీనిని అయిదు మెట్లుగా చెప్పుకుందాం.

మొదటి మెట్టు: కొనేటప్పుడు చూడవలసినవి

కోడిని ఎప్పుడూ వెలుతురులో చూసి కొనాలి. కళ్ళు మెరుస్తూ ఉండాలి. ముక్కు రంధ్రాల దగ్గర చీమిడి ఉండకూడదు. నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే, గురగుర శబ్దం వస్తుంటే వద్దు. తోక కింద ఈకలు రెట్టతో తడిసి అంటుకుని ఉంటే వద్దు. కాళ్ళ మీది పొలుసులు నున్నగా ఉండాలి. పొలుసులు లేచి గరుకుగా ఉంటే లోపల పురుగు ఉన్నట్టు. రెక్క ఎత్తి, ఈకలు విడదీసి పేలు ఉన్నాయేమో చూడాలి.

ఒక మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి. సంతలో కోళ్ళు ఉన్నట్టుండి చవకగా దొరుకుతుంటే సంతోషించకూడదు, అనుమానించాలి. ఊళ్ళో తెగులు మొదలైతే చచ్చేలోగా నాలుగు డబ్బులు వస్తాయని మిగిలిన కోళ్ళను సంతకు పంపేవాళ్ళు ఉన్నారు. పేదవాడి అవసరం అది. కానీ ఆ కోడితో పాటు తెగులు కూడా మరో పేదవాడి ఇంటికి చేరుతుంది.

వీలైతే తెలిసిన ఇంటి నుంచి, టీకాలు వేసిన కోళ్ళను కొనడం మేలు. ఒక్కదాన్ని కాకుండా రెండు మూడింటిని కలిపి తేవాలి. ఒంటరిగా వచ్చిన కోడి మీద మంద అంతా పడుతుంది. ఇద్దరు ముగ్గురు ఉంటే ఆ పొడుపులు పంచుకుంటారు, ఒకరికొకరు తోడుంటారు. కాళ్ళు కట్టి సైకిలు హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడదీసి తేవద్దు. బెదిరి, అలిసిన కోడికి రోగం తొందరగా అంటుతుంది. గంపలోనో, గాలి ఆడే అట్టపెట్టెలోనో తేవాలి.

రెండవ మెట్టు: 30 రోజులు వేరుగా ఉంచడం

2020లో కరోనా వచ్చినప్పుడు క్వారంటైన్ అనే మాట ఇంటింటా వినిపించింది. కోళ్ళకు కూడా అదే నియమం. పైకి ఆరోగ్యంగా కనిపించే కోడి ఒంట్లో రోగం దాగి ఉండవచ్చు. రాణిఖేత్ వ్యాధినే తీసుకోండి. మన పల్లెల్లో దీన్ని కొక్కెర తెగులు అంటారు. వైరస్ ఒంట్లో చేరాక సాధారణంగా ఐదారు రోజుల్లో లక్షణాలు కనిపిస్తాయి. ఒక్కోసారి రెండు వారాలు దాటవచ్చు. అంతర్జాతీయ పశు ఆరోగ్య నిబంధనల్లో ఈ వ్యాధి బయటపడే గడువును 21 రోజులుగా లెక్కిస్తారు. అందువల్ల నాలుగు రోజులు చూసి "బాగానే ఉంది" అనుకుని వదలడం ప్రమాదం. 30 రోజులు ఆగితే ఆ గడువు దాటి కొంత మిగులు కూడా ఉంటుంది.

కొత్త కోళ్ళను ఇంటికి అవతలి వైపున, పాత మందకు వీలైనంత దూరంగా ఉంచాలి. గాలి, రెట్ట, నీళ్ళు ఒకవైపు నుంచి మరొకవైపుకు రాకూడదు. మేత గిన్నెలు, నీళ్ళ మూకుళ్ళు వేరుగా ఉండాలి. ప్రతిరోజూ ముందు పాత మందకు మేత వేసి, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరకు వెళ్ళాలి. తిరిగి వచ్చి కాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చాలా ఇళ్ళలో రోగాన్ని మోసేది కోడి కాదు, మన కాళ్ళూ చెప్పులే.

ఈ 30 రోజుల్లో చేయవలసిన పనులు మూడు. ఒకటి, పశువుల ఆసుపత్రిలో అడిగి నట్టల మందు తగిన మోతాదులో తాగించడం. రెండు, పేలు ఉంటే వదిలించడం. పొడి మట్టిలో బూడిద కలిపి ఒక మూల పోస్తే కోళ్ళు అందులో పొర్లి చాలావరకు తామే వదిలించుకుంటాయి. పేలు ఎక్కువగా ఉంటే మందు అవసరం. మూడు, టీకా వేయించడం.

టీకాల సంగతి

రాణిఖేత్ అనేది ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని ఒక కొండ ఊరి పేరు. 1920ల చివర్లో మన దేశంలో ఈ వ్యాధిని అక్కడ గుర్తించారు గనుక ఆ పేరు వచ్చింది. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో 1926లో కనిపించిన వ్యాధి కూడా ఇదే. ఆకుపచ్చ, తెలుపు కలిసిన పారుడు, నోరు తెరిచి రొప్పడం, రెక్కలు, కాళ్ళు పడిపోవడం, మెడ మెలి తిరగడం దీని లక్షణాలు. వచ్చాక మందు లేదు. రాకుండా టీకా ఉంది.

పిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా లేదా ఎఫ్-1 టీకా కంట్లోగానీ ముక్కులోగానీ ఒక చుక్క వేస్తారు. నెల దగ్గర పడినప్పుడు లసోటా మళ్ళీ వేస్తారు. 6, 7 వారాల మధ్య కోడి మశూచి టీకా. 8 నుంచి 10 వారాల మధ్య రాణిఖేత్‌కు ఆర్2బి టీకా అర మిల్లీలీటరు ఇంజక్షన్‌గా ఇస్తారు. ఆ తర్వాత పెరటి కోళ్ళకు ఆరు నెలలకోసారి రాణిఖేత్ టీకా మళ్ళీ వేయించడం మంచిది. టీకా పని మొదలుపెట్టడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. అందుకే కొత్త కోడికి వేరుగా ఉన్న కాలంలోనే, మొదటి వారంలోనే, వేయించాలి. పాత మందకు కూడా అదే రోజున వేయిస్తే ఇంకా మేలు. జబ్బుగా ఉన్న కోడికి మాత్రం టీకా వేయకూడదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. టీకా సీసా 100 మోతాదులకో, అంతకన్నా ఎక్కువకో వస్తుంది. మీ ఇంట్లో ఉన్నవి పది కోళ్ళు. ఒకసారి మందు కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి, దాచడానికి వీలులేదు. ఐస్‌లో పెట్టి తేవాలి. అందువల్ల ఒక్క ఇంటివాళ్ళు అడిగితే పని జరగదు. వాడలోని పది ఇళ్ళవాళ్ళు కలిసి ఒక రోజు అనుకుని పశువుల ఆసుపత్రి సిబ్బందికి చెబితే ఒక్క సీసాతో వాడ మొత్తం కోళ్ళకు రక్షణ దొరుకుతుంది. తెల్లవారకముందే, కోళ్ళు గూట్లో ఉండగానే వేయించాలి. ఈ పది ఇళ్ళనూ కలిపే పని చదువుకున్న పిల్లలు చేయగలరు. కోళ్ళు పెంచే మన తల్లులకు దరఖాస్తు రాయడం రాకపోవచ్చు, మీకు వచ్చు కదా!

మూడవ మెట్టు: చూపుల పరిచయం

నెల గడిచింది, కొత్త కోళ్ళు ఆరోగ్యంగా ఉన్నాయి. అయినా వెంటనే మందలో వదలకూడదు. ఒకదాన్ని ఒకటి చూసుకోవాలి, కానీ ముట్టుకోకూడదు. దీనికి ఇనుప వల కొనవలసిన పని లేదు. మన పల్లెల్లో సందులున్న వెదురు గంప ఉండనే ఉంది. పగటిపూట పాత కోళ్ళు తిరిగే చోటనే కొత్తవాటిని గంప కింద మూసి, గంప కదలకుండా పైన రాయి పెట్టాలి. లోపల నీళ్ళు, మేత ఉండాలి, పైన నీడ ఉండాలి. గంప ఇరుకైతే దడితోగానీ పాత చేపల వలతోగానీ ఒక మూల కట్టుకోవచ్చు.

మొదటి రెండు రోజులు పాత కోళ్ళు గంప చుట్టూ తిరుగుతాయి. మెడ ఈకలు రిక్కించి సందుల్లోంచి పొడవబోతాయి. గంప చుట్టూ గింజలు చల్లితే లోపలివి, బయటివి పక్కపక్కనే తింటాయి. క్రమంగా ఆ వింత తగ్గిపోతుంది. పాత కోళ్ళు గంపను పట్టించుకోకుండా తమ పని తాము చూసుకోవడం మొదలుపెడితే పరిచయం అయినట్టే. దీనికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది.

నాలుగవ మెట్టు: కలిపే రాత్రి

కోళ్ళకు చీకట్లో చూపు సరిగా ఆనదు. వాసం ఎక్కాక కదలవు, పోట్లాడవు. కాబట్టి చీకటి పడి పాతవన్నీ గూట్లో సర్దుకున్నాక, కొత్తవాటిని మెల్లగా తెచ్చి వాటి పక్కన కూర్చోబెట్టాలి. తెల్లవారి చూసుకునేసరికి రాత్రంతా ఒకే చోట ఉన్నట్టవుతుంది. రాత్రి కలిపినంత మాత్రాన తెల్లారి పొడుపులు ఉండవని కాదు, వాటి జోరు తగ్గుతుంది.

మరునాడు పొద్దున్నే లేచి గూడు తెరవాలి. ఇది ముఖ్యం. గూట్లో ఇరుకున కొత్తకోడి తప్పించుకోలేదు. బయట అయితే పరుగెత్తి తప్పుకుంటుంది. గింజలు ఒకచోట కుప్పగా పోయకుండా వాకిలంతా చల్లాలి. మేత, నీళ్ళు కనీసం మూడు చోట్ల పెట్టాలి. ఒక్క గిన్నె ఉంటే దాని దగ్గర పెత్తనం చేసే కోడి మిగతావాటిని రానివ్వదు. మూడు గిన్నెల దగ్గర ఒకేసారి కాపలా కాయడం ఎంతటి కోడికైనా సాధ్యం కాదు. దాక్కోవడానికి బండి కింద, కట్టెల మోపు వెనక, అరుగు పక్క చోటు ఉండాలి. తోటకూర కట్టో, మునగాకు రెమ్మో కోళ్ళకు అందే ఎత్తులో వేలాడదీస్తే వాటి దృష్టి దాని మీదకు మళ్ళుతుంది.

గూట్లో ఒక్కో కోడికి ఒకటిన్నర నుంచి 2 చదరపు అడుగుల చోటు, వాసం మీద సుమారు 8 అంగుళాలు ఉండేలా చూసుకోండి. చోటు చాలకపోతే ఎన్ని పద్ధతులు పాటించినా పోట్లాట తగ్గదు. అలాంటప్పుడు కొత్త కోళ్ళు తేవడం కన్నా ముందు గూడు పెంచుకోవాలి.

అయిదవ మెట్టు: కాపలా

మొదటి వారం ఇంట్లో ఎవరో ఒకరు గమనిస్తూ ఉండాలి. తల మీద ఒకటి రెండు పొడుపులు, కాస్త తరమడం, రొమ్ము ఎదురొడ్డి నిలబడడం మామూలే. మనం మధ్యలో దూరకూడదు. వరుస తేలకుండా మనం ప్రతిసారీ విడదీస్తే అదే పోట్లాట రోజూ మొదటి నుంచి మొదలవుతుంది. నాలుగైదు రోజులు గుడ్లు తగ్గినా కంగారు పడవద్దు.

కింది మూడు కనిపిస్తే మాత్రం ఆగకూడదు.

1. రక్తం. ఎర్రటి గాయం కనిపిస్తే కోళ్ళు పదే పదే అక్కడే పొడుస్తాయి. ఒకటి మొదలుపెడితే అన్నీ చేరతాయి. గాయపడ్డ కోడిని వెంటనే వేరు చేసి, గాయం కడిగి, పసుపు కలిపిన వేపనూనెగానీ ఆసుపత్రిలో ఇచ్చే ఊదారంగు మందుగానీ రాయాలి. గాయం పూర్తిగా మానాకే మళ్ళీ కలపాలి.

2. ఆకలి. సాయంత్రం కొత్తకోడి మెడ కింద, గింజలు నిలిచే సంచిని వేళ్ళతో తడిమి చూడండి. నిండుగా ఉంటే తిన్నట్టు. ఖాళీగా జారిపోతుంటే దాన్ని మేత దగ్గరకు ఎవరో రానివ్వడం లేదు. ఇది పోట్లాట కన్నా ప్రమాదం. ఎందుకంటే పైకి కనిపించదు. అరుపూ ఉండదు, రక్తమూ ఉండదు, కోడి ఎండిపోతుంది.

3. మూల. ఒక కోడి రోజంతా మూలకు ముడుచుకుని, తల దాచుకుని ఉంటే అది ఓడిపోయింది, లేదా జబ్బు చేసింది. రెండింటికీ వేరు చేసి చూడడమే దారి.

చాలా మందల్లో గొడవంతా ఒక్క కోడి వల్లనే జరుగుతుంది. మనం సాధారణంగా దెబ్బలు తిన్న కొత్తదాన్ని తీసి పక్కన పెడతాం. దానివల్ల అది మళ్ళీ కొత్తదే అవుతుంది. అలా కాకుండా పొడిచే కోడిని తీసి రెండు మూడు రోజులు గంప కింద పెట్టాలి. ఈలోగా కొత్తది మందలో కుదురుకుంటుంది. శిక్ష పూర్తయి తిరిగి వచ్చిన పెత్తందారుకు మునుపటి పట్టు ఉండదు.

పుంజులు, పిల్లలు, జాతులు

ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. పుంజు ఉన్న మందలోకి ఎదిగిన మరో పుంజును తెస్తే ఇంతవరకు చెప్పిన పద్ధతులు అంతగా పనిచేయవు. ముఖ్యంగా అసీల్ జాతి పుంజులు ప్రాణం పోయేదాకా పోట్లాడతాయి. వాటిని వేరుగానే ఉంచాలి. ఆ గుణాన్ని వాడుకుని సంక్రాంతికి పందాలు వేయడం చట్టప్రకారం నేరం.

పిల్లలను తెస్తే తొందర పడకూడదు. మూడు నెలలు దాటి, ఒంటి బరువు పెద్దవాటికి దగ్గరయ్యేదాకా వేరుగా పెంచాలి. తల్లికోడితో ఉన్న పిల్లలైతే తల్లే చూసుకుంటుంది. అంగడిలో కొన్న తల్లిలేని పిల్లలకు ఆ రక్షణ ఉండదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. వనరాజా మాంసానికి, గుడ్లకు రెండింటికీ, గ్రామప్రియ ప్రధానంగా గుడ్లకు. ఈ పిల్లలకు మొదటి వారాల్లో వెచ్చదనం, రక్షణ మనమే కల్పించాలి. బరువైన వనరాజా కోడి నాటు పెట్టంత చురుకుగా తప్పించుకోలేదని కూడా గుర్తుంచుకోండి.

నెమలి సంగతి

పొలం గట్ల మీద నెమలి గుడ్లు దొరికితే తెచ్చి కోడి కింద పొదిగించే పిల్లలు అక్కడక్కడ ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని పట్టినా చంపినా 3 నుంచి 7 ఏళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు. ఇంట్లో పెంచుకోవడానికి, గుడ్లు ఏరుకోవడానికి కూడా చట్టం ఒప్పుకోదు. చట్టం మాట అటుంచినా, కోళ్ళతో కలిపి పెంచిన నెమలి పిల్ల బతకడం కష్టం. కోళ్ళ పేగుల్లో ఉండే ఒక చిన్న నట్ట, దాని గుడ్లతో పాటు ఒక సూక్ష్మజీవిని మోస్తుంది. కోళ్ళకు అది పెద్దగా హాని చేయదు. అదే సూక్ష్మజీవి నెమలికి, టర్కీ కోడికి కాలేయాన్ని పాడుచేసి ప్రాణం తీస్తుంది. అందుకే నెమళ్ళ పెంపకానికి అనుమతి ఉన్న విదేశాల్లో జాగ్రత్త తెలిసినవారు వాటిని కోళ్ళ నేల మీద తిరగనివ్వరు. అక్కడ కూడా కొత్త నెమలిని మందలో కలపడానికి ఇదే వరుస పాటిస్తారు. ముందు నెల రోజులు దూరంగా, తర్వాత వల అవతల, ఆ తర్వాతే కలిపి. మీ ఊళ్ళో ఎవరైనా టర్కీ కోళ్ళు పెంచుతుంటే వాటిని నాటుకోళ్ళతో కలపవద్దని చెప్పండి.

ఒకవేళ రోగం వస్తే

ఎంత జాగ్రత్తపడినా రోగం రావచ్చు. అప్పుడు కోళ్ళను అమ్మవద్దు, చుట్టాలకు పంచవద్దు. చచ్చిన కోళ్ళను కాలువలోకి, దిబ్బ మీదకి విసరవద్దు. లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలి. ఒకేసారి ఎక్కువ కోళ్ళు చనిపోతే ముట్టుకోకుండా పశువుల ఆసుపత్రికి కబురు చేయాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. అది మనుషులకూ సోకగల జబ్బు. గూడు ఖాళీ అయ్యాక సున్నం కొట్టి, ఎండ తగలనిచ్చి, కొన్ని వారాలు ఆగి గానీ కొత్త కోళ్ళను తేకూడదు.

కోళ్ళ నుంచి మనం తీసుకోకూడనిది

ఈ వ్యాసం చదువుతుంటే మీకు మన హాస్టల్ గుర్తుకు రావడం సహజం. ప్రతి జూన్‌లోనూ ఒక ట్రంకు పెట్టె, ఒక చాప, ఒక పళ్ళెం పట్టుకుని కొత్త పిల్లలు వస్తారు. పంపు దగ్గర వరుస, అన్నం దగ్గర వరుస, ఫ్యాను కింద చోటు అన్నీ అప్పటికే పెద్ద క్లాసుల వాళ్ళవి. "కోళ్ళలోనే ఉంది, మనుషుల్లో ఉండదా" అని కొందరు దాన్ని సమర్థిస్తారు కూడా. ఊళ్ళలో పెద్ద చిన్న తేడాలకు కూడా ఇదే మాట చెప్పేవాళ్ళు ఉన్నారు.

ఆ మాట రెండు విధాలా తప్పు. మొదటిది, కోళ్ళలో పై స్థానంలో ఉన్న పెట్టకు పుట్టిన పిల్లకు ఆ స్థానం వారసత్వంగా రాదు. ప్రతి కోడీ తన చోటు తానే సంపాదించుకోవాలి. పుట్టుకను బట్టి ఎక్కువ తక్కువలు నిర్ణయించే ఆచారం కోళ్ళలో లేదు, అది మనుషులు కల్పించుకున్నది. రెండవది, కోడికి వేరే దారి లేదు గనుక పొడుస్తుంది. మనకు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. కానీ చట్టానికి భయపడి మానడం కాదు, అంతకుముందే ఆలోచించాలి. మందలో కొత్తకోడి సాయంత్రానికి తిన్నదో లేదో సంచి తడిమి చూడమన్నాను కదా! మన గదిలో కొత్తగా వచ్చిన ఆరో తరగతి పిల్లవాడు ఈ రాత్రి కడుపు నిండా తిన్నాడో లేదో అడగడానికి తడమనవసరం లేదు, అడిగితే చాలు. అరవనివాడు, ఏడవనివాడు బాగున్నాడని అనుకోకూడదు.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు

ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు మీ ఇంట్లో ఈ పనులు చేసి చూడండి.

1. కోళ్ళకు పేర్లు పెట్టి, రోజుకు అరగంట కూర్చుని ఏది దేన్ని పొడుస్తుందో వారం పాటు పుస్తకంలో రాయండి. మీ మంద వరుస మీకే తెలుస్తుంది.

2. మేత గిన్నె ఒకటే ఉంటే మరో రెండు పెట్టండి. పగిలిన కుండ పెంకైనా సరే.

3. గూడు కొలిచి, కోళ్ళ లెక్కతో సరిచూడండి.

4. పక్క ఇళ్ళవాళ్ళతో మాట్లాడి, వాడ మొత్తానికి ఒకే రోజున టీకా వేయించే ఏర్పాటు చేయండి.

5. కొత్త కోడి ఇంటికి వస్తే "30 రోజులు వేరుగా, రెండు వారాలు గంప కింద, రాత్రిపూట గూట్లోకి" అనే మూడు మాటలు అమ్మకు చెప్పండి. రాసి ఇవ్వనక్కరలేదు, ఒకసారి మీరే దగ్గరుండి చేసి చూపించండి.

అమ్మ పెంచిన కోడి మనల్ని ఇంతదూరం చదివించింది. మనం చదివిన చదువు తిరిగి ఆ కోళ్ళ గూటి దాకా వెళ్ళకపోతే అది పరీక్ష పేపరు దగ్గరే ఆగిపోయినట్టు.